పంటి డాక్టర్ దాకా ఆలస్యంగా చేరిన వైరస్ కబురు

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు, యుద్ధాలు అసలే లేవు. ఒక వైరస్ ఉంది, ఒక క్యాన్సర్ ఉంది, పంటి డాక్టర్లు ఉన్నారు. ఈ మూడూ ఒకే కథలో కలవడానికి దగ్గర దగ్గర నూట ఎనభై ఏళ్ళు పట్టింది. ఎందుకంత లేటయిందో చూద్దాం. ఆ లేటు ఇంకా పూర్తిగా తీరలేదు కాబట్టి ఇది మన కథ కూడా.

ముందు ఒక ప్రశ్న. నోటి క్యాన్సర్ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? గుట్కా ప్యాకెట్ మీద ఉండే ఆ భయంకరమైన బొమ్మ, సినిమాకి ముందు వేసే ఆ యాడ్. కరెక్టే. మన దేశంలో నోటి క్యాన్సర్ అంటే ముందు పొగాకు, వక్క, మందు. దాంట్లో డౌట్ లేదు, ఈ ఎపిసోడ్ అయ్యాక కూడా మీరు అదే నమ్మాలి. కానీ సిగరెట్ ముట్టని, గుట్కా తినని మనిషికి గొంతు వెనక టాన్సిల్ దగ్గర క్యాన్సర్ వస్తే? అలాంటి పేషెంట్లు 1990ల నాటికి అమెరికా, యూరప్ ఆసుపత్రుల్లో కనబడటం ఎక్కువైంది. జవాబు పేరు హెచ్‌పీవీ. హ్యూమన్ పాపిలోమా వైరస్.

ఈ కథని నేను మన శ్రీకాకుళం నుంచి మొదలుపెడతాను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ అని ఒక అలవాటు ఉండేది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. అవును, నిప్పు లోపలికి. ఎక్కువగా ఆడవాళ్ళే తాగేవాళ్ళు. గాలికి ఆరిపోదని, చేతులు పనిలో ఉన్నా నడుస్తుందని చెప్పేవాళ్ళు. మీ నాయనమ్మ ఊరు అటువైపు అయితే ఒకసారి అడగండి, కథలు చెబుతుంది. 1930లలోనే విశాఖపట్నం డాక్టర్లు ఒక విషయం గమనించారు. మిగతా చోట్ల అరుదుగా కనబడే అంగిలి క్యాన్సర్, అంటే నోటి పైకప్పు క్యాన్సర్, ఇక్కడ తరచుగా వస్తోంది.

1960లలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో దంత పరిశోధన విభాగం నడిపిన ఫాలీ మెహతా బృందం, డెన్మార్క్ నుంచి వచ్చిన యెన్స్ పిండ్‌బోర్గ్ కలిసి దేశంలో ఐదు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి యాభై వేల మందికి పైగా జనం నోళ్ళు చూశారు. అందులో శ్రీకాకుళం ఒకటి. 1971లో వాళ్ళు అచ్చువేసిన రిపోర్టులో శ్రీకాకుళం జిల్లా పల్లెవాసులు 10,169 మంది ఉన్నారు. నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. వాళ్ళ అంగిళ్ళ మీద మచ్చలు, పుళ్ళు, బొబ్బలు అన్నీ లెక్కరాశారు.

ఇప్పుడు గమనించండి. మెహతా, పిండ్‌బోర్గ్ ఇద్దరూ పంటి డాక్టర్లు. అంటే నోటి క్యాన్సర్‌ని పల్లెకి వెళ్ళి వెతికి పట్టుకోవడంలో పంటి డాక్టర్లు వెనకబడిన వాళ్ళు కాదు, ముందు వరసలో ఉన్నవాళ్ళు. వాళ్ళకి ఒక సౌకర్యం కూడా ఉంది. కారణం కంటికి కనబడుతుంది. నిప్పు ఎక్కడ తగులుతుందో పుండు అక్కడే. ఖైనీ ఏ చెంపలో పెడితే ఆ చెంపలోనే తెల్లమచ్చ. పంటి డాక్టర్ కన్ను అలా శిక్షణ పొందింది. నోరు తెరిపించు, పొగాకు అడుగు, మచ్చ వెతుకు. దశాబ్దాల పాటు ఈ పద్ధతి ప్రాణాలు కాపాడింది.

మరి కారణం కంటికి కనబడకపోతే? క్యాన్సర్ వచ్చే చోటు కూడా కనబడకపోతే? హెచ్‌పీవీ కథ సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

ఇటలీలో వెరోనా అనే ఊరు. 1842. డొమెనికో రిగోనీ స్టెర్న్ అనే వైద్యుడు 1760 నుంచి 1839 దాకా ఆ ఊళ్ళో చనిపోయినవాళ్ళ రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. ఆయనకి ఒక వింత కనబడింది. పెళ్ళయిన ఆడవాళ్ళలో గర్భాశయ క్యాన్సర్ ఎక్కువ. చర్చి మఠాల్లో ఉండే సన్యాసినుల్లో చాలా తక్కువ. కంప్యూటర్ లేదు, మైక్రోస్కోప్‌తో చేసింది కాదు, ఉత్త చావు పుస్తకాలు. శృంగార జీవితానికి, ఈ క్యాన్సర్‌కి ఏదో సంబంధం ఉందన్న మొదటి ఆధారాల్లో ఇది ఒకటి. ఆ సంబంధం ఏంటో తెలియడానికి ఇంకో 140 ఏళ్ళు ఆగాలి.

మధ్యలో కుందేళ్ళు వచ్చాయి. అమెరికాలో అడవి కుందేళ్ళకి కొమ్ముల్లాంటి గడ్డలు మొలుస్తున్నాయని వేటగాళ్ళు చెప్పుకునేవాళ్ళు. రిచర్డ్ షోప్ అనే శాస్త్రవేత్త ఆ కొమ్ముల్ని నూరి, వడగట్టి, ఆ రసాన్ని వేరే కుందేళ్ళకి ఎక్కించాడు. వాటికీ కొమ్ములొచ్చాయి. 1933లో తేల్చింది ఏంటంటే, ఇది వైరస్, పులిపిర్లు పుట్టించే వైరస్. ఆ పులిపిర్లు కొన్నిసార్లు క్యాన్సర్‌గా మారతాయని ఆయన స్నేహితుడు పేటన్ రౌస్ చూపించాడు. ఈ రౌస్ 1911లోనే కోళ్ళలో వైరస్ వల్ల క్యాన్సర్ వస్తుందని చెప్పిన మనిషి. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నోబెల్ బహుమతి 1966లో ఇచ్చారు. యాభై ఐదేళ్ళ తర్వాత! అప్పటికి ఆయనకి 87 ఏళ్ళు. ఈ కథలో ఆలస్యం అనేది ఒక పాత్రలాగా ప్రతి సీన్‌లోనూ వస్తూ ఉంటుంది, చూస్తూ ఉండండి.

తర్వాత జర్మనీ. హెరాల్డ్ ట్సుర్ హౌజెన్. 1970లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి హెర్పిస్ వైరస్ కారణమని చాలామంది నమ్మేవాళ్ళు. ఈయన మాత్రం కాదు, పులిపిరి వైరస్ కుటుంబంలో వెతకండి అన్నాడు. మాట అనడమే కాదు, వెతికాడు. 1983లో ఆయన బృందం క్యాన్సర్ కణాల్లో హెచ్‌పీవీ 16ని, 1984లో హెచ్‌పీవీ 18ని పట్టుకుంది. హీలా కణాలు అని మీరు వినే ఉంటారు. 1951లో అమెరికాలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ నుంచి, ఆమెకి తెలియకుండానే, ఆమె కుటుంబాన్ని అడగకుండానే తీసిన క్యాన్సర్ కణాలు. ప్రపంచమంతా ల్యాబుల్లో వాటి మీద పనిచేస్తూనే ఉంది. ఆ కణాల్లోనే హెచ్‌పీవీ 18 కూర్చుని ఉంది. అన్నేళ్ళూ కళ్ళ ముందే ఉండి ఎవరికీ కనబడలేదు. ట్సుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది.

సరే, ఇదంతా గర్భాశయం కథ. నోరు ఎక్కడ వచ్చింది?

అదే 1983. ఫిన్లాండ్. కారి సిర్యానెన్, స్టినా సిర్యానెన్, ఇంకొందరు కలిసి నోటి క్యాన్సర్ నమూనాలు 40 పరీక్షించారు. కొన్నింటిలో హెచ్‌పీవీ పని చేసినట్టు గుర్తులు కనబడ్డాయి. నోటి క్యాన్సర్‌కి కూడా ఈ వైరస్‌తో సంబంధం ఉండొచ్చు అని రాశారు. నాకు ఈ కథ మొత్తంలో బాగా గుచ్చుకునే పాయింట్ ఇదే. స్టినా సిర్యానెన్ స్వయంగా దంతవైద్యం చదివిన మనిషి. ఆ వ్యాసం అచ్చయింది నోటి శస్త్రచికిత్స పత్రికలో. అంటే మొదటి కబురు వచ్చింది పంటి డాక్టర్ల ఇంట్లోంచే, వాళ్ళ పత్రికలోనే. అయినా ఆ కబురు వాళ్ళ కుర్చీ దాకా, పేషెంట్ నోరు తెరిచే ఆ కుర్చీ దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది.

గట్టి రుజువు 2000లో వచ్చింది. అమెరికా జాన్స్ హాప్కిన్స్‌లో మౌరా గిల్లిసన్ బృందం 253 మంది తల, మెడ క్యాన్సర్ పేషెంట్ల కణితులు పరీక్షించింది. నాలుగో వంతు కణితుల్లో హెచ్‌పీవీ ఉంది. ఉన్నవాటిలో పదింట తొమ్మిదింట్లో హెచ్‌పీవీ 16. ఎక్కువగా ఎక్కడ? గొంతు వెనక భాగంలో, ముఖ్యంగా టాన్సిల్స్‌లో. 2007లో అదే బృందం ఇంకో అడుగు వేసి, ఓరల్ సెక్స్ ద్వారా ఈ వైరస్ నోటికి చేరడానికీ ఈ క్యాన్సర్‌కీ సంబంధం చూపించింది. ఇక్కడ సిగ్గుపడి స్క్రోల్ చేసేయకండి, ఇది సైన్స్. 2010లో మరో మంచి వార్త కూడా వచ్చింది. హెచ్‌పీవీ వల్ల వచ్చిన గొంతు క్యాన్సర్ ఉన్నవాళ్ళలో మూడేళ్ళ తర్వాత బతికున్నది నూటికి 82 మంది. వైరస్ లేనివాళ్ళలో 57 మంది. అంటే ఇది చికిత్సకి బాగా లొంగే క్యాన్సర్. త్వరగా పట్టుకుంటే ఇంకా మంచిది.

2015 నాటికి అమెరికాలో లెక్క తారుమారైంది. ఆ ఏడాది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కేసులు 11,788. హెచ్‌పీవీతో ముడిపడిన గొంతు వెనక క్యాన్సర్ కేసులు 18,917. అందులో 15 వేలకి పైగా మగవాళ్ళు. "ఆడవాళ్ళ వైరస్" అని అందరూ పక్కన పెట్టినది మగవాళ్ళని ఎక్కువగా పట్టుకుంది.

మరి పంటి డాక్టర్? మనిషి జబ్బు లేకుండా కూడా నోరు తెరిచి చూపించేది ఆయనకొక్కడికే కదా. ఎందుకు లేటయింది? నాకు అర్థమైనంతవరకు మూడు కారణాలు.

ఒకటి, చోటు. అడ్డపొగ పుండు అంగిలి మీద ఉంటుంది, ఖైనీ మచ్చ చెంపలో ఉంటుంది. టార్చ్ వేస్తే కనబడుతుంది. హెచ్‌పీవీ క్యాన్సర్ టాన్సిల్ ముడతల లోపల, నాలుక మొదట్లో వెనకవైపు పుడుతుంది. పంటి డాక్టర్ అద్దం అక్కడికి సరిగ్గా వెళ్ళదు. చాలామందిలో మొదటి గుర్తు నోట్లో కనబడదు, మెడలో కనబడుతుంది. నొప్పిలేని బిళ్ళ. మీరు పన్ను చూపించుకోవడానికి వెళితే మెడ ఎవరు తడుముతారు చెప్పండి?

రెండు, ప్రశ్న. పొగాకు గురించి అడగడం తేలిక. "సిగరెట్ తాగుతారా బాబూ?" అంటే ఎవరూ తప్పుపట్టరు. హెచ్‌పీవీ గురించి మాట్లాడాలంటే సెక్స్ మాట ఎత్తాలి. పక్కన అమ్మ కూర్చుని ఉంటుంది, బయట క్యూ ఉంటుంది. చాలా దేశాల్లో, మన దేశంలో కూడా, పంటి డాక్టర్ల మీద చేసిన సర్వేలు ఒకే రకం కథ చెబుతాయి. హెచ్‌పీవీ పేరు తెలుసు. క్యాన్సర్‌తో సంబంధం ఉందనీ చాలామందికి తెలుసు. కానీ ఏ చోట వస్తుంది, టీకా ఎవరికి, పేషెంట్‌తో ఎలా మాట్లాడాలి అనే దగ్గర తడబాటు. తెలియడం వేరు, నోరు విప్పడం వేరు.

మూడు, గది గోడలు. గర్భాశయం స్త్రీవైద్యుల గది. టాన్సిల్ చెవి ముక్కు గొంతు డాక్టర్ గది. టీకా పిల్లల డాక్టర్ గది. పన్ను పంటి డాక్టర్ గది. వైరస్‌కి ఈ గోడలు లేవు, చదువుకి ఉన్నాయి.

2006లో మొదటి టీకా వచ్చినప్పుడు అమెరికాలో అది అమ్మాయిలకే. అబ్బాయిలకి 2009లో అనుమతి. దానికీ ఒక దారి ఉంది. టీకా పరీక్షలు ఎక్కువగా గర్భాశయం చుట్టూ జరిగాయి, ఎందుకంటే అక్కడ పాప్ స్మియర్ అనే పరీక్షతో క్యాన్సర్‌కి ముందు దశ కనబడుతుంది. గొంతులో అలాంటి ముందు దశని పట్టే పరీక్ష లేదు. అందుకే టీకా గొంతు క్యాన్సర్‌ని ఆపుతుందని నేరుగా చూపించడం కష్టమైంది. 2013లో హాలీవుడ్ నటుడు మైఖేల్ డగ్లస్ ఒక ఇంటర్వ్యూలో హెచ్‌పీవీ, ఓరల్ సెక్స్ మాట ఎత్తారు. ఆయన చెప్పింది తన జబ్బు గురించి కాదు, మామూలుగా ఉండే కారణాల్లో ఒకటి గురించి అని తర్వాత ఆయన ప్రతినిధి సర్దిచెప్పారు. కానీ పరిశోధన పత్రికలు పదమూడేళ్ళలో చేయలేనంత ప్రచారం ఒక్క రోజులో అయిపోయింది.

తర్వాత అడుగులు వరసగా పడ్డాయి. 2018లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ హెచ్‌పీవీ టీకాని సమర్థించమని పంటి డాక్టర్లని కోరింది. టీకా వేయించుకున్న యువతీ యువకుల నోళ్ళలో, టీకా ఆపే రకం వైరస్‌లు 88 శాతం తక్కువగా ఉన్నాయని అదే ఏడాది ఒక పరిశోధన వచ్చింది. 2019లో ఓరెగాన్ రాష్ట్రం పంటి డాక్టర్లే టీకాలు వేయొచ్చని చట్టం చేసింది. 2020లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, ఈ టీకా ఉపయోగాల జాబితాలో గొంతు, తల, మెడ క్యాన్సర్ల నివారణని చేర్చింది.

ఇప్పుడు మళ్ళీ మన దగ్గరికి వద్దాం. ఎందుకంటే తెలుగు ఇళ్ళలోకి హెచ్‌పీవీ అనే మాట వేరే తలుపు గుండా వచ్చింది.

2009 జులై. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ఖమ్మం జిల్లా. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ళ అమ్మాయిలకి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలుపెట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. దాదాపు 14 వేల మంది అమ్మాయిలు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ మొదలైంది. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ చావులకి టీకా కారణమనే ఆధారం ప్రభుత్వ విచారణలో దొరకలేదు. కానీ వేరే తప్పు బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం రిపోర్టు ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద ఉత్త వేలిముద్రలు. ఏ టీకానో, ఎందుకో ఆ పిల్లల అమ్మానాన్నలకి చెప్పిందెవరు?

టీకా మంచిదే అయినా, అడగకుండా వేస్తే నమ్మకం పోతుంది. అందుకే మన దగ్గర చాలామందికి హెచ్‌పీవీ అంటే క్యాన్సర్ కంటే ముందు "ఆ ఖమ్మం గొడవ" గుర్తొస్తుందని నా అభిప్రాయం. ఆ తర్వాత ఏళ్ళ పాటు ఆ మాట ఎత్తడానికే చాలామంది జంకారు.

ఇదే గొడవలోంచి అనుకోని ఫలితం ఒకటి వచ్చింది. ఆ సమయంలో దేశంలో వేరే చోట్ల మరో హెచ్‌పీవీ అధ్యయనం నడుస్తోంది, రెండు డోసులు సరిపోతాయా, మూడు కావాలా అని. 2010లో అన్నీ ఆపమన్నారు కాబట్టి అందులో దాదాపు ఐదు వేల మంది అమ్మాయిలకి ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్ళని వదిలేయలేదు, పదేళ్ళు చూశారు. 2021లో తేలింది ఏంటంటే, హెచ్‌పీవీ 16, 18 ఇన్ఫెక్షన్ శరీరంలో తిష్ఠ వేయకుండా ఆపడంలో ఒక్క డోసు 95 శాతం పనిచేసింది, మూడు డోసులు 93 శాతం. అంటే దాదాపు సమానం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు కూడా చాలని చెప్పడానికి వెనకున్న ఆధారాల్లో మన అమ్మాయిల లెక్క ఒకటి. అదే ఏడాది పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన దేశీ టీకా సెర్వావాక్‌కి అనుమతి వచ్చింది.

సరే, ఇంత చరిత్ర విన్నాక మీ ఫోన్ పక్కన పెట్టి ఏం చేయాలి?

భయపడొద్దు, ముందు అది. హెచ్‌పీవీ చాలా మామూలు వైరస్. శృంగార జీవితం ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. పోనివాళ్ళలో కొద్దిమందికి, చాలా ఏళ్ళ తర్వాత క్యాన్సర్ అవుతుంది. కాబట్టి ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందంటే దాన్ని బట్టి వాళ్ళ గుణం లెక్కకట్టకండి. ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో చెప్పడం కుదరదు. భార్యాభర్తల మధ్య అనుమానానికి ఇది సాక్ష్యం కాదు.

రెండోది, గుర్తులు. మెడలో నొప్పిలేని బిళ్ళ తగ్గకుండా ఉండటం. ఒకవైపే గొంతు నొప్పి, ఒకవైపే చెవి పోటు. మింగడం కష్టమవడం. నోట్లో రెండు వారాలు దాటినా మానని పుండు. వీటిలో ఏదున్నా మందుల షాపులో బిళ్ళలు కొనుక్కుని సరిపెట్టుకోకండి. డాక్టర్‌కి చూపించండి. "నాకు సిగరెట్ అలవాటు లేదు, నాకెందుకు వస్తుంది" అనే మాట ఇక చెల్లదు.

మూడోది, టీకా. వైరస్ తగలకముందే, అంటే 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేస్తే బాగా పనిచేస్తుంది. ఉన్న ఇన్ఫెక్షన్‌ని అది తగ్గించదు. మీ చెల్లి, మీ తమ్ముడు ఆ వయసులో ఉంటే ఇంట్లో మాట కదపండి, డాక్టర్‌ని అడగండి. ఖమ్మంలో ఆ తల్లిదండ్రులకి దక్కని హక్కు మీకుంది. ప్రశ్నలు అడిగి, జవాబు విని, అప్పుడు సంతకం పెట్టడం.

ఇక పంటి డాక్టర్. ఈసారి పన్ను క్లీనింగ్‌కో, ఫిల్లింగ్‌కో వెళ్ళినప్పుడు ఒక్క మాట అనండి. "డాక్టర్ గారూ, నాలుక కింద, గొంతు, మెడ కూడా ఒకసారి చూస్తారా?" రెండు మూడు నిమిషాల పని. డబ్బులు పెరిగే పరీక్ష కాదు, చేతులతో, కళ్ళతో చేసేది. శ్రీకాకుళంలో ఇంటింటికీ తిరిగి పదివేల నోళ్ళు చూసిన వృత్తి అది. అడిగితే ఎందుకు చూడరు? మీరు అడగడం వల్ల ఆ తర్వాత కుర్చీలో కూర్చునే మనిషికి కూడా ఆయన అడక్కుండానే చూడొచ్చు.

వీడియో చూస్తున్నవాళ్ళలో డెంటల్ కాలేజీ స్టూడెంట్లు ఉంటే, పేషెంట్‌తో ఈ విషయం తెలుగులో ఎలా మాట్లాడతారో కింద రాయండి, చదవాలని ఉంది.